నలుగురూ ఒప్పుకోవాలిగా!

అమెరికాలో ప్రెసిడెంటు ఎన్నికలు నాలుగేళ్ళకోసారి వస్తాయని బి.ఏ.లో పొలిటికల్ సైన్సు మాస్టారు చెప్పారు. ఎన్నికలు నాలుగేళ్ళకోసారే గానీ, వాటి గురించిన మాటలకి మాత్రం విరామం లేదన్న సంగతి ఆయన చెప్పలేదు. మన ఇళ్ళల్లో పెద్దపిల్లని అత్తవారింటికి పంపించి, పందిట్లో కుర్చీలు ఇంకా సర్దకుండానే, "మరి చిన్నదానికి ఎక్కడైనా చూస్తున్నారా?" అని అడిగేవాళ్ళు ఉంటారు చూడండి, అచ్చం అలాగే. 2024 నవంబరులో ఓట్ల లెక్క తేలిందో లేదో, 2028లో ఈ పార్టీ నుంచి ఎవరు, ఆ పార్టీ నుంచి ఎవరు, ఎవరికెంత అవకాశం అన్న చర్చ మొదలైపోయింది.

ఈ అవకాశం అన్న మాట దగ్గరే నాకు తగువు. ఎందుకో చెప్తాను.

మన దేశంలో అభ్యర్థి ఎవరన్నది పార్టీ పెద్దలు తేలుస్తారు. ఆఖరి రోజు దాకా ఊరించి ఊరించి ఎవరో ఒకరి చేతిలో బి-ఫారం పెడతారు. అక్కడ అలా కాదు. ఒకే పార్టీ వాళ్ళు ముందు తమలో తాము పోటీ పడతారు. రాష్ట్రం తరవాత రాష్ట్రంగా జనమే ఓట్లేసి ఒకరిని తేలుస్తారు. ప్రైమరీలంటారు వాటిని. అయితే ఇదేమీ అనాదిగా వస్తున్న ఆచారం కాదు. 1968 వరకూ ప్రైమరీలు నామమాత్రమే, అసలు బేరాలన్నీ పార్టీ మహాసభల్లో, గదుల తలుపులు వేసుకుని నడిచేవి. 1924లో న్యూయార్క్‌లో డెమొక్రాట్లు అభ్యర్థిని తేల్చుకోవడానికి నూటమూడుసార్లు ఓట్లేసుకున్నారట! ఒక్క సంబంధానికి నూటమూడు పెళ్ళిచూపులన్న మాట. అంతా చేసి తెచ్చిన పెళ్ళికొడుకు జాన్ డేవిస్ ఆ ఏడు చిత్తుగా ఓడిపోయాడు. 1968లో జాన్సన్ నేను పోటీ చెయ్యనని తప్పుకుంటే, ఒక్క ప్రైమరీలో కూడా నిలబడని హంఫ్రీకి టిక్కెట్టిచ్చారు. బయట చికాగో వీధుల్లో కుర్రవాళ్ళ తలలు పగిలాయి. ఆ గొడవతోనే రూల్సు మార్చుకుని, జనం ఓటుకి పెద్ద పీట వేశారు.

జనానికి అధికారం వచ్చింది, బాగానే ఉంది. కానీ జనం ఏం చేశారూ? పార్టీ పెద్దలు వేసిన లెక్కలే తామూ వెయ్యడం నేర్చుకున్నారు. "నాకు ఫలానా ఆయన ఇష్టం" అనడం మానేసి, "ఫలానా ఆయనైతే నెగ్గుతాడు" అనడం మొదలెట్టారు. 2020లో డెమొక్రాటిక్ ప్రైమరీలప్పుడు చాలామంది ఓటర్లు పైకే చెప్పారు, మా అభిప్రాయాలతో కలిసేవాడికంటే ట్రంప్‌ని ఓడించగలిగేవాడే మాకు ముఖ్యమని. ఎవరు ఓడించగలరో వాళ్ళకెలా తెలుస్తుందండీ? పక్కింటివాడు ఎవరికి వేస్తాడో ఊహించుకుని వెయ్యాలి. పక్కింటివాడు మళ్ళీ వీళ్ళెవరికి వేస్తారో ఊహించుకుంటూ ఉంటాడు! దీన్నే మనం చిన్నప్పటినుంచీ "నలుగురూ ఏమనుకుంటారో" అంటున్నాం. వాళ్ళు దానికో పొడుగాటి ఇంగ్లీషు పేరు పెట్టి టీవీలో గంటలు గంటలు చర్చిస్తారు. అంతే తేడా.

2024 వేసవిలో డాలస్ దగ్గర మా చెల్లెలింట్లో రెండు నెలలున్నాను. అంతకంటే రసవత్తరమైన వేసవి ఆ దేశంలో ఈమధ్య వచ్చి ఉండదు. జూన్ 27న బైడెన్, ట్రంప్ ముఖాముఖి వాదన. జులై 13న పెన్సిల్వేనియాలో ట్రంప్ మీద కాల్పులు. జులై 21న బైడెన్ విరమణ. పొద్దున్న కాఫీ తాగుతున్నప్పుడు ఒక అభ్యర్థి, సాయంత్రం టీ వేళకి ఇంకొక అభ్యర్థి! నవల్లో ఇలా రాస్తే మా ఎడిటరుగారు "సహజంగా లేదమ్మా" అని తిప్పి పంపించేసేవారు.

మా చెల్లెలి ఇల్లు గురించి ఒక్క ముక్క చెప్పాలి. అది అక్కడికి వెళ్ళి పంతొమ్మిదేళ్ళు. మా మరిది కంప్యూటర్ ఉద్యోగం. ఇల్లు కొన్నారు, పన్నులు కడుతున్నారు, చెట్లు నాటారు, కరివేపాకుతో సహా. కానీ ఓటు లేదు. గ్రీన్‌కార్డే ఇంకా రాలేదు మరి! ఉద్యోగాల మీద ఇచ్చే కార్డుల్లో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ ఏడాదికి ఏడు శాతానికి మించి ఇవ్వకూడదని అక్కడి రూలు. జనం తక్కువున్న దేశానికీ ఏడే, మనకీ ఏడే. అందుకని మనవాళ్ళ వరస కదలదు. ఇక ఆ వేసవిలో ఇంట్లో నేను చుట్టపుచూపుకి వచ్చినదాన్ని, మా చెల్లెలి అత్తగారు తణుకు నుంచి వచ్చినావిడ. ఇందరు పెద్దవాళ్ళం ఉంటే, ఓటున్నది ఒక్కళ్ళకి. అక్కడే పుట్టి ఆ ఏడే పద్ధెనిమిది నిండిన మా చెల్లెలి కూతురికి.

ఇంక చూస్కోండి. ఓటు లేనివాళ్ళందరం ఓటున్న పిల్ల చుట్టూ చేరాం. అది మాత్రం ఫోను చూసుకుంటూ, మధ్యమధ్య చేగోడీలు నములుతూ, ఎవరికి వేస్తుందో చెప్పదు.

మా మరిది లెక్కలమనిషి. బైడెన్ తడబడిన రాత్రే కాగితం తీసి పేర్లు రాశాడు. కాలిఫోర్నియా గవర్నరు న్యూసమ్, మిషిగన్ గవర్నరు విట్మర్, పెన్సిల్వేనియా గవర్నరు షపీరో, వైస్ ప్రెసిడెంటు కమలా హారిస్. ఒక్కొక్క పేరు పక్కనా మార్కులు. "వదినగారూ, మొత్తం 538 ఓట్లు. 270 రావాలి. మా టెక్సాస్‌కి 40 ఉన్నాయి గానీ, 1976లో కార్టర్ తరవాత ఇక్కడ డెమొక్రాట్లు గెలిచింది లేదు. కాబట్టి మా అమ్మాయి ఓటు ఎటు వేసినా ఒకటే. అసలు కథంతా ఆ ఏడు రాష్ట్రాల్లో ఉంది" అని ఉపన్యాసమిచ్చాడు. ఆ మాటకి పిల్ల మొహం చిన్నబోయింది. మొదటిసారి ఓటు వెయ్యబోతున్న పిల్లతో చెప్పవలసిన మాటేనా అది!

"మరి కమలా హారిస్‌కి తక్కువ మార్కులు వేశావేం?" అన్నాను.

"ఆవిడ మంచిదే వదినగారూ. నాకేం అభ్యంతరం లేదు. కానీ ఈ దేశంలో ఆడావిడ గెలవదు. 2016లో చూశాంగా. ప్రైమరీలో నిక్కీ హేలీ గతీ చూశాంగా."

నాకేం అభ్యంతరం లేదట! ఈ వాక్యం మనం ఎన్నిసార్లు విన్నాం? "మా కోడలు ఉద్యోగం చేస్తే నాకేం అభ్యంతరం లేదమ్మా, మా చుట్టాలే ఏమైనా అంటారేమోనని." ఆ చుట్టాలని వెళ్ళి అడిగితే వాళ్ళకీ అభ్యంతరం ఉండదు. అభ్యంతరం ఎక్కడుందో ఎవరికీ తెలీదు గానీ, పని మాత్రం ఆగిపోతుంది.

హిల్లరీ క్లింటన్‌కి 2016లో ట్రంప్ కంటే ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువొచ్చాయి. రాష్ట్రాలవారీ లెక్కలో ఓడిపోయింది. "ఆడది గెలవదు" అనడానికి ఇదేనా సాక్ష్యం? ఎడ్లాయ్ స్టీవెన్సన్ అని ఒకాయన 1952లో ఓడిపోయాడు, 1956లో మళ్ళీ ఓడిపోయాడు. డ్యూయీ 1944లోనూ, 1948లోనూ ఓడిపోయాడు. మెక్‌గవర్న్, మాండేల్ చెరో నలభైతొమ్మిది రాష్ట్రాలు పోగొట్టుకున్నారు. ఇంతమంది మగవాళ్ళు వరసాగ్గా ఓడిపోతే, "పాపం, ఈ దేశం మగవాళ్ళని ఒప్పుకోదు లెద్దురూ" అని ఒక్కరైనా అన్నారా? మగవాడు ఓడిపోతే అతనొక్కడే ఓడిపోతాడు. ఆడది ఓడిపోతే తన వెనకాల వరసలో ఉన్నవాళ్ళందర్నీ కలిపి ఓడించేస్తారు.

మా మరిది ఊరుకుంటాడా? "మరి అవకాశాలు చూసుకోవద్దా వదినగారూ? ఎన్నికంటేనే గెలుపు" అన్నాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అదీ నిజమే. కానీ అవకాశాలు లెక్కగట్టేవాళ్ళ చరిత్రేం గొప్పగా లేదు. 1936లో లిటరరీ డైజెస్ట్ అనే వారపత్రిక కోటిమందికి కార్డులు పంపి, ఇరవై మూడు లక్షల జవాబులు తెప్పించుకుని, రూజ్‌వెల్ట్ ఓడిపోతున్నాడహో అని చాటింది. ఆయన నలభై ఎనిమిది రాష్ట్రాల్లో నలభై ఆరు గెలిచాడు. పత్రికవాళ్ళు టెలిఫోను డైరెక్టరీల్లోంచీ, కార్లున్నవాళ్ళ జాబితాల్లోంచీ పేర్లు తీశారు మరి! ఆ కరువురోజుల్లో టెలిఫోనూ, కారూ ఉన్నవాళ్ళెవరు? రెండేళ్ళలో పత్రికే మూతపడింది. వారపత్రికలకి రాసుకు బతికేదాన్ని, ఈ కథ తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది.

ఆడవాళ్ళ కథ ఇంకా పాతది. 1872లోనే విక్టోరియా వుడ్‌హల్ అనే ఆవిడ ప్రెసిడెంటు పదవికి నిలబడింది. అప్పటికి ఆడవాళ్ళకి ఓటే లేదు, అది దేశమంతటా వచ్చింది 1920లో. తనకి తాను ఓటేసుకోలేని అభ్యర్థి! పోలింగు రోజున ఆవిడ జైల్లో ఉంది, పత్రికలో ఒక పెద్దమనిషి గుట్టు బయటపెట్టినందుకు. 1964లో మార్గరెట్ చేజ్ స్మిత్ అనే సెనేటరు రిపబ్లికన్ మహాసభలో పేరు వేయించుకుంది, ఇరవై ఏడు ఓట్లు వచ్చాయి. 1972లో షర్లీ చిజమ్ డెమొక్రాట్లలో నిలబడింది. నల్లజాతి స్త్రీ, బడిపంతులుగా మొదలుపెట్టిన మనిషి. నల్లదాన్నయినందుకంటే ఆడదాన్నయినందుకే నాకు ఎక్కువ అడ్డంకులొచ్చాయని చెప్పుకుంది. నెగ్గదని ఆవిడకి తెలుసు. నూటయాభైరెండు ఓట్లొచ్చాయి. ఆవిడ అవకాశం లెక్కేసుకుని ఇంట్లో కూచుంటే ఆ నూటయాభైరెండూ కూడా ఉండేవి కావు కదా.

అన్నిటికంటే నాకు నచ్చిన ముచ్చట జెరాల్డిన్ ఫెరారోది. 1984లో వైస్ ప్రెసిడెంటు పదవికి ఒక పెద్ద పార్టీ నిలబెట్టిన మొదటి స్త్రీ. మిసిసిపీలో ప్రచారానికి వెళ్తే అక్కడి వ్యవసాయశాఖ పెద్దమనిషి ఒకాయన, "నీకు మఫిన్లు చెయ్యడం వచ్చునా?" అని అడిగాడు. నాకొచ్చు, మీకొచ్చా అంది ఆవిడ. మా మిసిసిపీలో మగవాళ్ళు వంట చెయ్యరన్నాడాయన. ఇది పెళ్ళిచూపులు కాదూ? ఆ తరవాత ఆవిడ భర్త వ్యాపారం లెక్కలన్నీ తవ్వి పోశారు. మొగుడి పద్దులు పెళ్ళాన్ని అడిగారన్న మాట.

వంట గొడవ హిల్లరీనీ వదల్లేదు. 1992లో భర్త ప్రచారంలో ఉండగా, ఇంట్లో కూచుని కుకీలు చేసుకుంటూ ఉండవలసింది కాబోలు అని విసుగ్గా ఓ మాట అంది. దేశం గగ్గోలెత్తింది. గృహిణుల పత్రిక ఒకటి, ఫ్యామిలీ సర్కిల్ దాని పేరు, వెంటనే ఇద్దరు అభ్యర్థుల భార్యలకీ కుకీల పోటీ పెట్టింది. హిల్లరీ ఓట్సు, చాక్లెట్ ముక్కలు వేసిన తన కుకీలు పంపింది, గెలిచింది! తరవాత 2016 దాకా ప్రతి ఎన్నికకీ ఆ పోటీ నడిచింది. 2016లో అభ్యర్థి తనే కదా, అయినా మళ్ళీ ఆ కుకీలే క్లింటన్ కుటుంబం పేరుమీద పోటీకెళ్ళాయి. మళ్ళీ గెలిచాయి. పొయ్యి దగ్గర ఓడించలేకపోయారావిడని. ఓడిపోయిందల్లా రెండోదాన్లోనే.

ఈ కథలన్నీ మా చెల్లెలి కూతురికి చెప్తూంటే, తణుకు అత్తయ్యగారు జపమాల పక్కన పెట్టి వినేవారు. ఆవిడకి పార్టీలతో పని లేదు. జులై 17 రాత్రి మిల్వాకీలో రిపబ్లికన్ల మహాసభలో ఉషా వాన్స్ మాట్లాడింది. చిలుకూరి వారమ్మాయి, పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరు. అంతే, అత్తయ్యగారు ఆ పూటకి రిపబ్లికన్ అయిపోయారు. పైగా ఆ పిల్ల ఏం చెప్పిందీ? మాంసం, బంగాళాదుంపలు తినే మా ఆయన నా కోసం శాకాహారానికి అలవాటు పడి, మా అమ్మ దగ్గర మన వంట నేర్చుకున్నాడంది. "అత్తగారి దగ్గర వంట నేర్చుకున్న అల్లుడు! ఇంకేం కావాలే!" అని అత్తయ్యగారు కొడుకు వేపు ఓ చూపు చూశారు. నాలుగు రోజులు తిరక్కుండా బైడెన్ తప్పుకున్నాడు, కమలా హారిస్ ముందుకొచ్చింది. వాళ్ళమ్మ శ్యామలా గోపాలన్ తమిళ పిల్ల, తాతగారి ఊరు తిరువారూర్ జిల్లా తులసేంద్రపురం. అత్తయ్యగారు ఇరకాటంలో పడ్డారు. "అటు మన పిల్ల భర్త, ఇటు అరవపిల్ల కూతురు. ఇద్దరికీ చెరో సగం వెయ్యనివ్వరుటే?" అని మనవరాలిని అడిగారు.

మా మరిదికి మనదేశం గుర్తొచ్చింది. "మనం నయం వదినగారూ. 1966లోనే ఇందిరాగాంధీని ప్రధానమంత్రిని చేసుకున్నాం. 1980లో మన మెదక్ నుంచే గెలిచింది."

అంతవరకూ పప్పు తాలింపు వేస్తూ మాట్లాడకుండా ఉన్న మా చెల్లెలు గరిటె పుచ్చుకుని వచ్చింది. "మన రెండు తెలుగు రాష్ట్రాలకీ ఇంతవరకూ ఒక్క ఆడ ముఖ్యమంత్రి పేరు చెప్పండి" అంది. నేనూ లెక్కపెట్టాను. తమిళనాడుకి జానకి, జయలలిత. ఉత్తరప్రదేశ్‌కి సుచేతా కృపలానీ, మాయావతి. పశ్చిమ బెంగాల్‌కి మమత. మనకి? పైగా డాలస్‌కి పక్కనున్న మెక్సికోలో ఆ జూన్ 2నే క్లాడియా షైన్‌బామ్ గెలిచి కూచుంది. మా మరిది మజ్జిగ కావాలన్నాడు.

చెల్లెలి గొంతులో అంత పదునెందుకుందో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. అక్కడ ఓ తెలుగు సంఘం ఉంది, పేరెందుకు లెండి. పన్నెండేళ్ళుగా ఇది అందులో వంట కమిటీ. ఉగాదికి ఎనిమిది వందల మందికి పులిహోర, గోంగూర, బొబ్బట్లు, అన్నీ దీని చేతిమీదుగానే. హాలు మాట్లాడ్డం దగ్గర్నుంచి ఆడిటు లెక్కల దాకా ఇదే చూస్తుంది. ఆ ఏడు ప్రెసిడెంటుగా నిలబడతానని నోరు తెరిచి అడిగింది. పెద్దలు ఎంత మర్యాదగా చెప్పారో! "అక్కా, మీకంటే అర్హత ఎవరికుంది? మాకేం అభ్యంతరం లేదు. కానీ నలుగురూ ఒప్పుకోవాలిగా. ఓడిపోతే మీకే చిన్నతనం" అన్నారట. ఎవరో నిన్నగాక మొన్నొచ్చిన కుర్రాణ్ణి నిలబెట్టారు. ఇది ఆ దసరాకి మళ్ళీ పులిహోర కలిపింది.

"ఇంట్లో ఆయనతో చెప్పావా?" అన్నాను.

"చెప్పాను. అవకాశాలు తక్కువన్నారు" అంది.

ఓటరు పిల్ల మెట్లమీద కూచుని ఇదంతా వింటోందని మాకు తెలీదు. "పెద్దమ్మా, అమ్మ ఆ పని చెయ్యగలదా లేదా అని ఎవరూ అడగలేదేం?" అంది. దానికి తెలుగు అంత బాగా రాదు, వాక్యం కూడబలుక్కుని అంది. నా దగ్గర జవాబు లేదు. చెల్లెలి దగ్గరా లేదు.

నేను ఆగస్టు ఆఖర్లో హైదరాబాదు వచ్చేశాను. నవంబరు 6న ఫలితం తెలిసింది. ట్రంప్ 312, హారిస్ 226. మా మరిది చెప్పిన ఏడు రాష్ట్రాలూ ట్రంప్‌కే వెళ్ళాయి. ఫోన్లో అతని గొంతులో గర్వమేమీ లేదు, పాపం. "ధరలు వదినగారూ, ధరలు. సరుకుల బిల్లు చూసి ఓటేశారు. సరిహద్దు గొడవ ఒకటి. ఆవిడకి దొరికింది నూట ఏడు రోజులు" అన్నాడు. ఓటమికి ఇన్ని కారణాలు చెప్పినవాడు, ఆడదవడం ఒక్కటే కారణమని ఈసారి అనలేదు. అది నిజంగా ఎంత కారణమో ఎవరు తూచగలరు? ఆడవాళ్ళలోనే కోట్లమంది ట్రంప్‌కి వేశారు. ఆడదంటే ఆడదానికే వెయ్యాలన్న రూలేమీ లేదు, ఉండక్కర్లేదు కూడా. వాళ్ళ సరుకుల బిల్లూ, వాళ్ళ నమ్మకాలూ వాళ్ళవి. వేసేముందు అభ్యర్థి మొహంలోకి చూసి వేశారా, పక్కింటివాడి మొహంలోకి చూసి వేశారా అన్నదే నాకు కావలసింది. అది ఏ పోలింగు పెట్టెలోనూ దొరకదు.

పిల్ల ఓటేసింది. ఎవరికో ఇప్పటికీ చెప్పలేదు. ఆ బంగారు గుట్టు దానిదే.

మొన్న ఆదివారం చెల్లెలు ఫోను చేసింది. సంఘం ఎన్నికలు మళ్ళీ వచ్చాయట. ఈసారి ఎవరినీ అడగలేదు, నామినేషను కాగితం నింపి ఇచ్చేసింది. ప్రతిపాదించినది కూతురు, బలపరిచినది మొగుడు. "బలపరిచే ముందు ఎన్ని ఓట్లొస్తాయో కాగితంమీద లెక్క కట్టబోయారక్కా, కలం లాక్కున్నాను" అంది.

తణుకు అత్తయ్యగారిని కూడా ఫోన్లో కలిపారు. ఆవిడ అంతా విని, "అయితే వంట కమిటీకి ఎవర్ని వేస్తున్నావే?" అన్నారు.

"ఇంకా అనుకోలేదండీ."

"మగపిల్లల్ని వెయ్యి. పులిహోర పోపు నేను వీడియోలో చెప్తాలే. ముందు ఇంగువ మంచిది కొనమను. అక్కడిది ఒట్టి పిండి."